అమ్మ చేతి బుట్టలు

అమ్మడూ,

ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టబోయి ఆగిపోయాను. క్షేమంగానే ఉన్నాం. తింటున్నాం, తిరుగుతున్నాం, పడుకుంటున్నాం. కానీ ఇవాళ పొద్దున నాకు నా సొంత ఇంటివాళ్ల మీదే రోత పుట్టింది. అది ఎవరికైనా చెప్పుకోకపోతే ముద్ద దిగేలా లేదు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఈ ఇంటి గోడలు అట్టముక్కలు, నేను హలో అంటే వంటింట్లో నీ మరదలికి వినపడుతుంది. అందుకే ఉత్తరం. బొటనవేలు వంగదు కాబట్టి కలాన్ని చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ ఇరికించి రాస్తున్నాను. అక్షరాలు కోడి గీకినట్టు ఉంటే సర్దుకుని చదువుకో.

నీ తమ్ముడు ప్రతి ఆదివారం మా అందరినీ వ్యానెక్కించి ఊరి బయట రైతుల సంతకి తీసుకెళ్తాడని నీకు తెలుసు. కూరగాయల వాళ్లది ఒక వరస, చేతిపనుల వాళ్లది ఒక వరస. మన బల్ల సబ్బులమ్మకీ తేనె ఆయనకీ మధ్యన ఉంటుంది. దాని మీద 'అమ్మ చేతి బుట్టలు' అని బోర్డు. ఆ అమ్మని నేనే. ఫోటోలు చూసి "రాణీలా కూర్చున్నావమ్మా" అన్నావు. రాణీ లేదు, పాడూ లేదు. ఆ రాణిని ఎలా తయారుచేస్తారో చెప్తాను విను.

వ్యాన్ దిగగానే నా కళ్లజోడు తీయిస్తాడు, అది లేకపోతే దూరంవే తప్ప దగ్గరివి నాకు ఆనవు. "ప్లాస్టిక్ ఫ్రేమ్ బాగోదమ్మా, ఫోటోల్లో మెరుస్తుంది" అంటాడు. వీపు ఆనే కుర్చీ వద్దని ఉత్త చెక్క పీట వేస్తాడు, ఎందుకంటే కుర్చీలో కూర్చుని బుట్టలల్లే ముసలమ్మని ఎవరూ నమ్మరట. నా ఫ్లాస్కు బల్ల కింద దాచేస్తాడు. నువ్వు కొనిచ్చిన ఎర్ర స్వెట్టరు మీద మట్టిరంగు శాలువా ఒకటి కప్పుతాడు. అది వారమంతా వ్యాన్లోనే పడి ఉంటుంది, పెట్రోలు కంపు. ఆ తర్వాత ఒళ్లో సగం అల్లిన బుట్ట ఒకటి పెడతాడు. నేను ఈ రెండు వేళ్లతో తంటాలుపడి దానికి నాలుగు వరసలు ఎక్కిస్తాను. తిరిగొచ్చేటప్పుడు వ్యాన్లో ఆ వరసలు నా చేతే పీకిస్తాడు. "వచ్చే వారం మళ్లీ అల్లొచ్చమ్మా, వెదురు బద్ద వేస్టు కాదు" అంటాడు. ఏడాదిగా నేను అల్లుతున్నది ఆ ఒక్క బుట్టే, అమ్మేవి నా పాత బుట్టలని చెప్తాడు. నా జన్మలో ఇంత నీచమైన పని చెయ్యలేదు.

ఇక జనం. పట్నం నుంచి కార్లేసుకుని వచ్చి, బురద అంటుతుందని మునివేళ్ల మీద నడుస్తూ, ముల్లంగి దుంపని కూడా వాసన చూసి పెట్టేస్తారు. తేనె ఆయన రుచి చూడమని పుల్లలు పెడితే, నాకిన పుల్లనే మళ్లీ సీసాలో ముంచేవాళ్లున్నారు. మన పిట్ట, నా మనవరాలు, అలాంటి పుల్ల ఒకటి తీసుకుని నోట్లో పెట్టుకుంది. నాకు కళ్లజోడు లేక కనపడలేదు గానీ చప్పరించే చప్పుడు వినపడింది. గాలి తిరిగినప్పుడల్లా సబ్బులమ్మ బల్ల మీది వాసనలన్నీ కలిసి ముఖాన కొడతాయి, ఆ పూట ఏం తిన్నా సబ్బు తిన్నట్టే ఉంటుంది. ఇవాళ ఒకడు కుక్కని తెచ్చాడు. అది మన బుట్టల దొంతర మీద కాలెత్తింది. వాడు నవ్వాడు, నీ తమ్ముడూ నవ్వాడు, నవ్వుతూనే ఆ బుట్టని గుడ్డతో తుడిచి మళ్లీ అక్కడే పెట్టాడు.

వీళ్లందరినీ తలదన్నినవాళ్లు నా చేతుల్ని ఫోటో తీసేవాళ్లు. "ఎంత అందమైన ముడతలో" అంటారు. ముడతల్లో అందమేమిటే? వేలు వంకర తిరిగిపోయింది, కణుపులు ఉబ్బాయి, చలి పెరిగితే స్వెట్టరు గుండీ పెట్టుకోలేక పిట్టని పిలుచుకుంటాను. ఆ వేలినే దగ్గరగా, ఇంకా దగ్గరగా తీసుకుంటారు. ఒకావిడైతే నన్ను అడగనైనా అడక్కుండా నా చెయ్యి పట్టుకుని వెలుతురు పడేలా తిప్పింది, వంకాయకి పుచ్చుందేమో చూసినట్టు. నీ తమ్ముడు పక్కన నిలబడి, ఇంట్లో ఎన్నడూ వాడని గొంతుతో, "నాలుగు తరాల చెయ్యండీ" అంటాడు. ఆ గొంతు వింటే వీణ్ణి కన్నది నేనేనా అనిపిస్తుంది.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. ఇవాళ ఒకావిడ పెద్ద గంప ఒకటి ఎత్తి నా ఒళ్లో పెట్టి, "పట్టుకోండమ్మా, మీతో ఒక ఫోటో" అంది. కళ్లజోడు లేని నాకు అది మట్టి ముద్దలా కనపడింది. అలవాటు కొద్దీ అడుగున చెయ్యి పెట్టి తడిమాను. తడిమిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

బ్యాంకు కుర్చీలో కూర్చున్నాక నువ్వు మర్చిపోయి ఉంటావు, గుర్తు చేస్తాను. మనం బుట్టని ఒళ్లో పెట్టుకుని బద్దని ఎడమ నుంచి కుడికి నడిపిస్తాం. మా అమ్మా అంతే, వాళ్లమ్మా అంతే. ఆ బుట్టని బోర్లించి గడియారం ముల్లు తిరిగే వైపు వేలు రాస్తే నున్నగా జారిపోతుంది. నిన్ను నా ఎడమ పక్కన భుజానికి భుజం ఆనించి కూర్చోబెట్టి, నీ వేళ్ల మీద నా వేళ్లు పెట్టి, ఆ నడకే నేర్పాను. ఇవాళ ఆ గంప అడుగు ప్రతి వరసలోనూ నా వేలికి ఎదురు తగిలింది. పక్కనున్న బుట్ట తీసుకుని తడిమాను, అదీ అంతే. ఇంకోటీ అంతే. నా పేరు బోర్డు కింద ఉన్నవాటిలో ఒక్కటి కూడా నాది కాదు.

తిరిగొచ్చేటప్పుడు వ్యాన్లో అడిగాను. "ఈ బుట్టలు ఎక్కడివిరా?"

"నీవేనమ్మా. అటక మీద పాత సరుకు చాలా ఉందిగా."

"ఏడాదిగా తరగని అటకా?"

"నువ్వు తక్కువ అల్లావా ఏంటి" అన్నాడు, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా. వెనక సీట్లో నీ మరదలు కుక్కిన పేనులా కూర్చుంది. ఆ పిల్ల సంగతి అసలే ఎత్తకు. ఇంట్లో రబ్బరు గ్లవ్సు, సంతలో గుడ్డ గ్లవ్సు. సబ్బు పడటం లేదని చేతులు ఎవరికీ చూపించదు. ఆ చేతులకి ఏ రోగమో ఏమిటో, వాటితో కంచంలో వడ్డిస్తుంటే నాకు తినబుద్ధి కాదు. పైగా పొద్దున్నే టీవీ పెద్దగా పెట్టి, "చూస్తూ ఉండండత్తయ్యా" అని పెరటివైపు మాయమైపోతుంది. నా చెయ్యి బాగున్న రోజుల్లో ఎదురుగా కూర్చుని బఠానీలు ఒలుస్తూ నా వంక గుడ్లప్పగించి చూసేది. ఆ చూపు అప్పుడే నాకు నచ్చేది కాదు.

ఎక్కడో చవగ్గా దొరికే సరుకు తెచ్చి, దానికి నా ముఖం, నా వంకర వేలు అతికించి అమ్ముతున్నారు. అబద్ధం ఆడితే ఆడారు, నా చేతులతో ఆడించారు. వచ్చే ఆదివారం అదే సంతలో, అదే జనం ముందు, ఇవి నావి కావని చెప్పేస్తాను. చెప్పి నీ దగ్గరికి వచ్చేస్తాను. నాకో మంచం చూసి పెట్టు. బద్దలు చీల్చే కత్తి కూడా తెస్తాను. మా అమ్మ నాకిచ్చిన ఆ కత్తి నీకేనని మొదటినుంచీ అంటున్నాను కదా. పెరట్లో కొట్టు గది గూట్లో ఉండాలి, ఎన్నాళ్లనుంచో కనపడటం లేదు. అడిగితే పదును పెట్టించడానికి ఇచ్చామంటాడు. దాన్నీ అమ్మేసుకున్నారేమో, వీళ్లని నమ్మడానికి లేదు.

బల్ల పక్కన బొమ్మ,
మీ అమ్మ

*

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. మంచం వేశానన్నావు, సంతోషం. "తొందరపడకమ్మా, ముందు వాణ్ణి ఇంట్లోనే నిలదీసి అడుగు" అని కూడా రాశావు. నిలదీసి అడిగితే నిజం చెప్పే మొహమైతే వ్యాన్లోనే చెప్పేవాడు. నేను చెయ్యాలనుకున్నది ఇవాళ చేసేశాను.

కళ్లజోడు స్వెట్టరు జేబులో దాచుకుని వెళ్లాను. శాలువా కప్పించుకున్నాను, పీట మీద కూర్చున్నాను, సగం బుట్ట ఒళ్లో పెట్టించుకున్నాను. అంతా మామూలే. కాసేపటికి ఒక జంట వచ్చింది. ఆవిడ పిడి ఉన్న బుట్ట ఒకటి ఎత్తి, "ఇది మీరే అల్లారా అమ్మా?" అని అడిగింది. నేను జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాను. ఏడాదిలో మొదటిసారి మన బల్ల నాకు కళ్లారా కనపడింది. ఛీ, ఏం బుట్టలే అవి! అడుగులు పర్వాలేదు గానీ అంచులు చూస్తే ఒళ్లు మండిపోయింది. ఒక్కటీ తిన్నగా లేదు. యంత్రానికి కూడా అంత వంకర రాదు, ఎవరో చీకట్లో కూర్చుని కట్టినట్టున్నాయి. వాటి మీద నా పేరు.

"లేదమ్మా" అన్నాను. "ఇది నా చెయ్యి కాదు. ఈ బల్ల మీద ఏదీ నా చెయ్యి కాదు. ఎవరు అల్లారో నాకు తెలీదు. నన్ను ఊరికే కూర్చోబెట్టారు."

గట్టిగా కూడా అనలేదు. కానీ తేనె ఆయన బల్ల దగ్గర చప్పరింపులు ఆగిపోయాయి. ఆవిడ బుట్టని వేడి గిన్నె పట్టుకున్నట్టు కింద పెట్టేసింది. పోయిన వారం నా చెయ్యి తిప్పి ఫోటో తీసుకున్నావిడ కూడా అక్కడే ఉంది. నా ఎదురుగానే ఫోన్ తీసి, ఆ ఫోటో వెతికి, చెరిపేసింది. సబ్బులమ్మ "నేను ముందే అనుకున్నా" అంది, ఎవరూ అడక్కపోయినా. దాని ముఖంలో ఆ సంబరం చూడలేకపోయాను. నేను నిజం చెప్పింది ఈవిడ పళ్లికిలించడానికా అనిపించింది.

నీ తమ్ముడు నాకూ ఆ జంటకీ మధ్యన వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, అది కాదు, అవి అసలు..." అని ఏదో చెప్పబోయాడు. బల్ల చివర్న ఉన్న నీ మరదలు "వద్దండీ" అంది. అంతే. ఆ గ్లవ్సుల చేతులతోనే బుట్టలు ఒకదాంట్లో ఒకటి పెట్టి సర్దడం మొదలుపెట్టింది. నా మీద ఒక్క మాటా లేదు, ముఖంలో ఒక్క గీత మారలేదు. పట్టుబడ్డ దొంగకి ఇంత నిబ్బరమా అని నాకు మరీ మండింది.

ఇంతలో సంత వ్యవహారాలు చూసే మేనేజరమ్మ వచ్చింది. ఆ సంతకి ఒకటే నియమం, ఎవరింట్లో చేసింది వాళ్లే అమ్ముకోవాలి. "వచ్చే ఆదివారం ఈ బుట్టలు అల్లినవాళ్లని తీసుకొచ్చి నా ముందు అల్లించండి. లేదంటే ఈ చోటు ఇంకొకళ్లకి ఇచ్చేస్తాను" అని చెప్పి వెళ్లిపోయింది. ఆ చోటు పోతే ఈ ఇల్లు దేని మీద గడుస్తుందో నాకూ తెలుసు. వ్యాన్ కిరాయిలు ఏమాత్రం వస్తున్నాయి? అయినా తప్పదు. మోసం మీద బతికేకన్నా మానెయ్యడం నయం.

ఆ సగం బుట్ట పీకమని ఇవాళ వ్యాన్లో ఎవరూ చెప్పలేదు, అది నా ఒళ్లోనే ఉండిపోయింది. సగం దారిలో పిట్ట అడిగింది, "నాయనమ్మా, మనం దొంగలమా?" అని. వాళ్లమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. వాళ్ల నాన్న హారన్ కొట్టాడు, ముందు ఎవరూ లేకపోయినా. ఇంత చేశాక మనసు తేలికపడుతుందనుకున్నాను. లేదు, నోట్లో ఇంకా ఆ సబ్బు రుచే ఉంది. బట్టలు సర్దేశాను. బుధవారం అల్లుణ్ణి కారు తీసుకుని రమ్మను. కత్తి ఒక్కటే దొరకాలి, రేపు కొట్టు గదంతా నేనే వెతుకుతాను.

మీ అమ్మ

*

అమ్మడూ,

అల్లుడు ఉత్త కారుతో తిరిగొచ్చేసరికి నువ్వు కంగారుపడి ఉంటావు. ఫోన్లో నువ్వు ఎంత గుచ్చి గుచ్చి అడిగినా "ఉత్తరం రాస్తాను" అని పెట్టేశాను. నోటితో చెప్పడం చేతకాక అలా అన్నాను. ఈ ఆదివారం కూడా గడవనిచ్చి ఇప్పుడు కూర్చున్నాను.

పోయిన సోమవారం పొద్దున నీ తమ్ముడు కిరాయికి పోయాడు, పిట్ట బడికి పోయింది. నీ మరదలు ఆ రోజు టీవీ పెట్టలేదు. నాతో మాట్లాడాల్సి వస్తుందని పెట్టలేదనుకుంటా. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. కత్తి కోసం పెరట్లోకి వెళ్తుంటే కొట్టు గదిలోంచి టకటకమని చప్పుడు వినిపించింది. అల్లిన వరసని కిందికి దిగగొట్టే చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలియకపోవడమేమిటి, నేను పుట్టిందే ఆ చప్పుళ్లో. తలుపు తోశాను.

నీ మరదలు నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో బుట్ట. పక్కన తొట్టిలో నానేసిన బద్దలు. గ్లవ్సులు లేవు. ఆ చేతులు మొదటిసారి చూశాను. వేళ్ల నిండా కోతలు, కొన్ని మానినవి, కొన్ని పచ్చివి, గోళ్ల పక్కన తోలు లేచిపోయి ఉంది. రోగం కాదు, పాడూ కాదు. కొత్తలో నా చేతులూ, నీ చేతులూ అలాగే ఉండేవి. తనకి ఎదురుగా, నేను కూర్చుని అల్లే పాత చాప పరిచి ఉంది. దాని మీద ఎవరూ లేరు.

నన్ను చూసి చేతులు వెనక్కి దాచుకుంది, జామపండు దొంగిలించిన పిల్లలా.

"ఎవరు నేర్పారే నీకు?" అన్నాను.

"మీరే అత్తయ్యా."

"నేనెప్పుడు నేర్పాను?"

"మీరు అల్లుతుంటే ఎదురుగా కూర్చుని బఠానీలు ఒలిచేదాన్ని కదా. అప్పుడు చూసుకున్నాను."

అమ్మడూ, నా బుర్ర ఎంత మొద్దుదో చూడు. నా కుడి చెయ్యి ఆ పిల్లకి ఎడమవైపు కనపడుతుంది. నేను కుడికి నడిపిన బద్ద ఆమె కళ్లకి ఎడమకి నడుస్తుంది. చూసింది చూసినట్టు దించుకుంది. ఎడమ చేత్తో బద్ద పట్టి, కుడి నుంచి ఎడమకి నడిపించి, అడుగు నుంచి అంచు దాకా తిరగేసి నేర్చుకుంది. అద్దంలో నన్ను చూసుకున్నట్టుంది. ఇన్నాళ్లూ బయటి సరుకని అసహ్యించుకున్నది ఆ నడకనే.

"ఆ చూసేదేదో పక్కకొచ్చి కూర్చుని చూడాల్సింది" అన్నాను.

"పక్క చోటు వదినదన్నారు కదా మీరు. ఖాళీగా ఉన్నా ఎవర్నీ కూర్చోనిచ్చేవారు కాదు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఎండ పడుతోంది తలుపు వెయ్యండి అన్నట్టు చెప్పింది. నేను చాప చూపించి, "ఇదెందుకు?" అన్నాను.

"అది లేకపోతే మీ చేతులు ఎటు తిరుగుతాయో గుర్తు రాదత్తయ్యా."

నాకు కన్నీళ్లొచ్చాయని రాస్తే నువ్వు నమ్మవు, రాలేదు కూడా. కోపమొచ్చింది. నాకెందుకు చెప్పలేదని అరిచాను. అప్పుడు నెమ్మదిగా చెప్పుకొచ్చింది. నా వేలు పడిపోయాక నేను కొన్నాళ్లు మంచం దిగలేదట, ఈ ఇంట్లో ఇక బుట్ట లేదు, ఎవరైనా ముట్టుకుంటే పొయ్యిలో పెడతానన్నానట. అన్నాను, నాకూ గుర్తుంది. అందుకని నేను అల్లినట్టే నన్ను ఉండనిచ్చి, తను వెనకుండి అల్లింది. నీ తమ్ముడు ప్రతి ఆదివారం నాకు చెప్పేద్దామంటే, ఈమే ఒట్టు పెట్టి ఆపింది. కళ్లజోడు తీయించింది కూడా ఈమేనట. ప్లాస్టిక్ ఫ్రేము, మెరుపు అన్నవి వాడి తెలివితేటలు.

"అల్లింది నువ్వని నాకు తెలిస్తే ఏమవుతుందనుకున్నావు?"

"పారెయ్యమంటారని."

"అనేదాన్నే" అన్నాను. ఉన్నమాటే కదా.

తర్వాత ఆమె ఒళ్లో బుట్ట లాక్కుని చూశాను. దగ్గర్నుంచి చూస్తే ఆ అంచు ఇంకా దరిద్రంగా ఉంది. అంచు కట్టేటప్పుడు నేను వంగి కూర్చుంటాను కాబట్టి ఎదురుగా ఉన్నవాళ్లకి నా చేతులు కనపడవు. చూడనిది ఎలా వస్తుంది? ఏడాదిపాటు ఊహించుకుని కట్టింది. "ఇది అంచా, ఎలక కొరికిందా? దీన్ని నా పేరు మీద అమ్ముతావా, సిగ్గు లేదూ?" అని నోటికొచ్చినట్టు తిట్టాను. తల వంచుకుని అన్నీ వింది. విని, "ఎలా కట్టాలత్తయ్యా?" అంది. నేను చాప తీసి ఆమె పక్కన వేసుకుని కూర్చున్నాను. ఆదివారం దాకా రోజూ పొద్దున్న అదే పని. ఆరు అంచులు విప్పించాను. ఏడోది చూస్తే పెద్దగా రోత పుట్టలేదు.

మొన్న ఆదివారం కళ్లజోడు పెట్టుకుని, ఎర్ర స్వెట్టరుతో, వీపు ఆనే కుర్చీలో కూర్చున్నాను. శాలువా తెస్తే నీ తమ్ముడి ముఖాన కొట్టాను. మేనేజరమ్మ వచ్చింది, ఆమె వెనకే తమాషా చూడటానికి సంత సగం వచ్చింది. నీ మరదలు గ్లవ్సులు తీసి కింద కూర్చుంది. ఆ చేతులు చూడగానే ముందు వరసలో ఒకావిడ "అబ్బా" అని ముఖం తిప్పుకుంది. ఇంకొకావిడ, ఆ ఫోటో చెరిపేసిన మహాతల్లి, ముక్కు చిట్లించి పిల్లాణ్ణి వెనక్కి లాక్కుంది. నా వంకర వేలికి అందం కనిపెట్టినవాళ్లే, అమ్మడూ. ఎండిన ముడత ముద్దొస్తుంది, పచ్చి కోత చూస్తే డోకొస్తుంది. బుట్ట కావాలి, చెయ్యి మటుకు వద్దు. నా బతుకులో అంత అసహ్యం నాకు ఎవరి మీదా కలగలేదు.

"ముక్కు మూసుకోనక్కర్లేదు" అన్నాను ఆవిడతో. "బుట్టలు అల్లే చేతులు ఇలాగే ఉంటాయి. చూడాలనుంటే చూడండి, లేదంటే సబ్బులు ఆ పక్క బల్ల మీద ఉన్నాయి."

నీ మరదలు మొదట్లో బద్దని రెండుసార్లు జారవిడిచింది. నేను కుర్చీ దిగి, ఆమె పక్కన భుజం ఆనించి కూర్చున్నాను. ఇలా కూర్చుంటే లేవడం ఎంత కష్టమో నీకు తెలుసు. ఆ తర్వాత బద్ద జారలేదు. మేనేజరమ్మ ఆమె అల్లుతున్న వరసల్నీ బల్ల మీది బుట్టల్నీ మార్చి మార్చి చూసింది, ఎదురు నడక రెండింట్లోనూ కనపడింది. చోటు మనకే ఉంచింది. నీ తమ్ముడు వెంటనే ఆ పాడు గొంతెత్తి, "అత్తా కోడళ్లండీ, అయిదు తరాలండీ" అని మొదలుపెట్టాడు. వాడు మారడు. బోర్డు మటుకు పిట్ట చేత మార్పించాను. 'అమ్మ' అన్న మాటకి ముందు 'పిట్ట' అని ఇరికించి రాసింది. పిట్ట అమ్మ చేతి బుట్టలు. వంకరగా ఉంది గానీ అబద్ధం లేదు.

ఆ సగం బుట్ట సంగతి అడుగుతావేమో. దాన్ని ఇక పీకలేదు. కింది వరసలు నేను అల్లినవి కుడికి నడిచాయి, పైవి ఆమె ఎడమకి నడిపించింది. నడక మారిన చోట చుట్టూ బొడిపెలా లేచింది. చూడటానికి అసహ్యంగా ఉంది. ఒకాయన కొంటానన్నాడు, ఇవ్వలేదు. వంటింట్లో ఉల్లిపాయలకి పెట్టాను. ఇంకో సంగతి కూడా ఉంది, నవ్వకు. ఆమె తీరులో పని చేసేది ఎడమ చెయ్యి. కుడిది ఊరికే పట్టుకుంటే చాలు, బొటనవేలు వంగకపోయినా పర్వాలేదు. నిన్న ఆమె పక్కన కూర్చుని ఎడమకి రెండు వరసలు నడిపించాను. చిన్నపిల్లల అల్లికలా వచ్చింది. "గట్టిగా లాగాలత్తయ్యా" అని నాకే చెప్పింది. నోరు ఎంత లేచిందో చూడు.

నీకు చెప్పాల్సిందాన్ని చివరికి దాచాను. కత్తి దొరికింది. గూట్లో కాదు, ఆమె తొడ పక్కనే ఉంది. మన కత్తికి పదును ఒక్క వైపే ఉంటుంది కదా, కుడిచేతి వాటానికి. ఇప్పుడు లేదు. నీ తమ్ముడు దాన్ని కమ్మరి దగ్గరికి తీసుకెళ్లి, ఆ పదును అరగదీయించి, రెండో వైపు పెట్టించాడు. మా అమ్మ కత్తిని ఆ స్థితిలో చూసినప్పుడు నాకు నిజంగానే కళ్లు తిరిగాయి. నీ కోసమని ఇన్నేళ్లు దాచాను. నా పక్కన నీ చోటు కూడా అలాగే ఖాళీగా దాచాను. నీ తప్పేం లేదమ్మా, నీకు బ్యాంకు బాగుంది, అదీ నాకు సంతోషమే. కానీ ఆ కత్తి ఇక కుడిచేతికి తెగదు. నీకు పంపను.

మంచం తీసెయ్యి.

మీ అమ్మ